నక్షత్రకుడు బెంగుళూరొచ్చిన వారం

నా మామూలు వారం గురించి చెప్పుకోవడానికేం ఉండదు. పొద్దున మీటింగు, రాత్రి డిప్లాయ్‌మెంటు, మధ్యలో ఆర్డరిచ్చుకున్న బిర్యానీ. అలాంటిది పోయిన నెల్లో ఒక్క వారంలోనే టీవీ, కామెడీ, బీరు, నాటకం అన్నీ అయిపోయాయి. కారణం మా నాన్న. తెనాలి పక్కన మా ఊరి నుంచి కళ్ళు చూపించుకోడానికి బెంగుళూరొచ్చాడు. డాక్టరు పని సోమవారమే అయిపోయింది, తిరుగు టికెట్టేమో ఆదివారానికి. "ఇన్నాళ్ళూ ఈ గదిలో నేనేం చెయ్యాల్రా?" అన్నాడు.

మంగళవారం 'మాల్గుడి డేస్' వెతికి పెట్టాను. ఎనభైల్లో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు నేలమీద కూర్చుని చూశాడట. హిందీ రాదు. అయినా స్వామి వేషం వేసిన కుర్రాణ్ణి చూసి అప్పుడూ నవ్వాడు, ఇప్పుడూ నవ్వుతున్నాడు. "ఈ డబ్బా వచ్చాకే మా నాటకాలకి జనం తగ్గారు" అన్నాడు, డబ్బా మీంచి కళ్ళు తిప్పకుండానే :)

అన్నట్టు చెప్పలేదు కదూ, నాన్న ఒకప్పుడు 'సత్య హరిశ్చంద్ర'లో నక్షత్రకుడు. అప్పు కోసం రాజుగారి వెంటపడి ప్రాణం తోడేసే విశ్వామిత్రుడి శిష్యుడు. కాటిసీనులో జనం ఏడవాలంటే అంతకుముందు నక్షత్రకుడు బాగా నవ్వించి ఉండాలి అంటాడు. నేను పుట్టేసరికే వేషాలు మానేశాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

గురువారం నాకో ఇబ్బంది వచ్చిపడింది. ఆర్నెల్లుగా ఇంట్లో చెప్పకుండా స్టాండప్ కామెడీ చేస్తున్నాను. ఓపెన్ మైక్ అంటారే, పేరిచ్చుకుంటే ఐదు నిమిషాలిస్తారు, డబ్బులేం ఉండవు. ఆ రోజు నా వంతు. నాన్నని గదిలో వదిలి వెళ్ళలేక, ఎలాగూ ఇంగ్లీషే కదా ఆయనకేం తెలుస్తుందిలే అని వెంటబెట్టుకెళ్ళా. ఒక కాఫీ షాపు మేడమీద పాతిక మంది. ట్రాఫిక్ మీద జోకులు, మేనేజరు మీద జోకులు. ఒక్కటి పేల్లేదు. ఐదు నిమిషాల సరుకు మూడున్నర నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చాక ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. చివరికి ఆయనే, "నువ్వు బీరు తాగుతావని మీ అమ్మకి కూడా తెలుసులే, పద" అన్నాడు. ఇందిరానగర్‌లో అక్కడే బీరు కాచే చోటొకటుంటే వెళ్ళాం. గోధుమ బీరు చెప్పా. వాసన చూసి, "అరటిపండు కలిపారేంట్రా?" అన్నాడు. కలపరు. ఆ రకం బీరుకి వాడే ఈస్ట్ పులిసేటప్పుడు అరటిపండు, లవంగం వాసన దానంతటదే వస్తుంది. అదే చెప్పా. "తాటికల్లూ అంతే కదా, పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు" అని సగం గ్లాసు నాకు తోసేశాడు.

అప్పుడు మొదలెట్టాడు. "రెండో ముక్కకి ఆ కళ్ళజోడు పిల్ల నవ్వబోయింది. నువ్వాగలా. తర్వాతి మాట ఎత్తుకున్నావు. పాపం ఆ పిల్ల నవ్వు మింగేసింది."

"నీకు ఇంగ్లీషు అర్థమైందా?"

"ఇంగ్లీషెవడిక్కావాల్రా. నేను జనాన్ని చూస్తున్నా. నువ్వు కూడా చూడాల్సింది."

నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి ఫోన్లో తీసుకున్న రికార్డింగు విన్నాను. రెండో జోకు దగ్గర నవ్వు మొదలవడం, దాని మీద నా గొంతు పడటం.. స్పష్టంగా వినపడుతోంది.

శనివారం జేపీ నగర్‌లో రంగశంకర. 1990లో కారు ప్రమాదంలో పోయిన శంకర్ నాగ్ గుర్తుగా ఆయన భార్య అరుంధతి నాగ్ పూనుకుని కట్టించిన నాటకశాల, 2004లో మొదలైంది. మంగళవారం చూసిన మాల్గుడి తీసింది ఆ శంకర్ నాగే అంటే నాన్న లోపలికెళ్ళే ముందు చెప్పులు విప్పబోయాడు. అక్కడ నాటకం మొదలయ్యాక ఎంతటివాణ్ణయినా లోపలికి రానివ్వరు. అందుకని గంట ముందే వెళ్ళి సగ్గుబియ్యం వడలు తిన్నాం. కన్నడ నాటకం. మైకుల్లేవు, అయినా వెనక వరసకి గుసగుస కూడా వినపడింది. "మాకు నడిమధ్యలో వేలాడే మైకు కిందే అందరం గుమిగూడాల్సొచ్చేది" అన్నాడు.

తిరిగొస్తూ ఆటోలో అడిగేశా, ఎందుకు మానేశావని.

"ఆఖరిసారి పదకొండు మంది వచ్చార్రా. కాటిసీనుకి ఆరుగురు మిగిలారు. నక్షత్రకుడికి ఒక్కడూ నవ్వలా. నవ్వు కోసం ఎంతసేపు ఆగాలో తెలీక నిలబడిపోయా." కాసేపాగి, "నీకు పాతిక మంది ఉన్నారు" అన్నాడు.

ఆదివారం రైలెక్కిస్తుంటే, ఇంకోసారి చేస్తే తెలుగులో చెయ్యమన్నాడు. వచ్చే గురువారానికి పేరిచ్చాను, తెలుగులోనే. ట్రాఫిక్ తీసేశా. నక్షత్రకుడి గురించి నాలుగు ముక్కలు రాసుకున్నా. రెండోదాని దగ్గర ఆగాలని పక్కన గీత గీసుకున్నా. ఎంతసేపో మాత్రం రాసుకోలేదు.