వా పెడల్

మా అబ్బాయి గిటారుకు వా పెడల్ నేనే కట్టి ఇస్తానని నోరు జారాను. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక తీగచుట్ట, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఇదేమంత బ్రహ్మవిద్య? తీరా కాలు పెడితే అది "వా" అనలేదు. జలుబు చేసిన దోమలా "ఈ" అంది.

"పోనీలే నాన్నా, కొనుక్కుందాం" అన్నాడు వాడు. తిట్టినా బాగుండును. వాడు నా మీద జాలిపడ్డాడు.

రాత్రి అందరూ పడుకున్నాక పటం ముందేసుకున్నాను. 1966లో అమెరికాలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు కనిపెట్టిన ఉపాయమిది. మన నోరు చేసే పనే! ఒకే గొంతు, పెదవులు విప్పేకొద్దీ "ఊ" కాస్తా "ఆ" అవుతుంది కదా. ఇక్కడ తీగచుట్టా కెపాసిటరూ కలిసి ఏదో ఒక స్థాయి నాదాన్ని ఎత్తి వినిపిస్తాయి. పాదం కింది పొటెన్షియోమీటరు, పెరిగిన సంకేతంలో కొంత ఆ కెపాసిటరుకు తిరగ్గొట్టి, అది ఉన్నదానికన్నా పెద్దదన్న భ్రమ కల్పిస్తుంది. అప్పుడు స్థాయి దిగుతుంది.

అంతా అర్థమయ్యాక భూతద్దం పెట్టి చూద్దును గదా, కెపాసిటరు మీద 103 ఉండవలసిన చోట 102! అంటే 0.01 మైక్రోఫారడ్‌కు పదోవంతు. స్థాయి మూడింతలు పైకి ఎగిరిపోయింది. పాపం, అది "ఈ" అనక ఏం చేస్తుంది?

మార్చాను. "వా" అంది గాని, మరీ ముక్కుతో అంది. తీగచుట్టకు అడ్డంగా ఉన్న లక్ష ఓముల రెసిస్టరు తీసి 33 వేలది అతికాను. తీగ మీటి, మెల్లగా తొక్కాను.

గది తలుపు తెరుచుకుంది. "నాన్నా, జరుగు" అన్నాడు మావాడు, నిద్రకళ్లతోనే గిటారు అందుకుంటూ.