ఇంకొక బలరాముడు

గత సంవత్సరము తొమ్మిదవ తరగతివారిని “నాకు నచ్చిన వీరుడు” అను వ్యాసము వ్రాయుడంటిమి. వ్యాసర్పాడి నుండి వచ్చు ఒక బాలుడు బలరాముని గూర్చి వ్రాసి తెచ్చెను. హలాయుధుని కథ కాబోలునని సంతోషించి చదువ నారంభించితిమి. రెండవ వాక్యములోనే ఆ బలరాముడు బంతిని తన్ని గోలు చేసెను! కోపము వచ్చి, ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసి, కాగితము తిరిగి యిచ్చివేసితిమి. బాలుడు మారుమాటాడలేదు.

సాయంకాలము డ్రిల్లు మాస్టరుగారితో ఈ సంగతి చెప్పగా వారు నవ్విరి. “మీరు శిక్షణ పొందినది హైదరాబాదులో గదా! తులసీదాస్ బలరాంను ఎఱుగరా?” అనిరి. మేము సిగ్గుపడితిమి.

ఆయన 1936లో సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబమున జన్మించెను. బూట్లు కొన శక్తి లేక, పోలీసులు పారవేసిన పాతబూట్లను ఆటకు పనికివచ్చునట్లు కుట్టించుకొనెనట. శిక్షకుడు రహీం సాహెబు ఆ నేర్పు చూచి, మైదానమునకు వచ్చిపోవుటకు సైకిలు అద్దె తామే యిచ్చెడివారట. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందిన మన జట్టులో ఆయన ఉండెను. 1960లో ఇటలీలో మన జట్టు హంగరీని ఎదుర్కొనెను. 1952లో స్వర్ణపతకము గెలిచిన దేశమది! రెండింటి కొకటిగా మనము ఓడితిమి. ఆ యొక్క గోలు బలరాముదే. ఓటమిలోని ఆ గోలే మాకు 1962 జకార్తా స్వర్ణము కంటె మిన్నగా తోచును. 1963లో ఊపిరితిత్తుల వ్యాధివలన ఆట విడిచెను. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసెను.

మరునాడు బాలుని పిలిచి, ఈతడే నీకేల నచ్చెనని అడిగితిమి. “ఆయన తెలుగువాళ్ల నడుమ పెరిగిన తమిళపిల్లవాడు, అయ్యా. నేను తమిళుల నడుమ పెరిగే తెలుగుపిల్లవాణ్ణి. అదే చివర వ్రాశాను” అనెను.

మేము చివరిదాక చదువనే లేదు. కాగితము తెమ్మంటిమి. చింపివేసితినని చెప్పెను.

మరల వ్రాయుమని ఎన్నిమారులో అడిగితిమి. ఇప్పుడతడు పదవ తరగతిలో నున్నాడు. బడి విడిచిన పిదప బంతితో కనబడును; మమ్ము చూచి నమస్కరించి, ఆటలోనికి పరుగెత్తును. ఈ సంచికలో అతని వ్యాసము ఉండవలసిన చోట మాది ఉన్నది.