పద్యమెక్కిన పింగాణీ

చైనాలో జియాంగ్సీ రాష్ట్రాన, చాంగ్ నది ఒడ్డున జింగ్‌దెజెన్ అనే వూరున్నది. పింగాణీకి పుట్టినిల్లు వంటి ఆ వూరు మేము చూచివచ్చాము. దాపున వున్న గావ్‌లింగ్ గ్రామం పేరుమీదనే అక్కడి తెల్లమట్టికి కెయోలిన్ అనే పేరు వచ్చింది.

ఒక పనివాడు పచ్చిగిన్నె మీద కోబాల్టు రంగుతో కొండలు, ఏరు, పడవ చిత్రిస్తూవుంటే నిలబడి చూచాము. కుంచె తాకగానే మట్టి రంగును పీల్చుకుంటుంది. తుడిచి దిద్దడానికి వీలులేదు. అప్పుడు నల్లగా కనిపించే గీత, మెరుగుపూత పూసి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చిన తరువాత నీలమవుతుంది.

కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1661–1722) ఇక్కడ చేసిన కొన్ని గిన్నెల మీద ఒక ప్రక్క ఎర్రకొండ క్రింద పడవ, మరొక ప్రక్క సూ షి కవి రచన వుంటాయి. కవిత్వంలో ప్రభుత్వాన్ని ఆక్షేపించాడని 1079లో ఆ కవిని నిర్బంధించి, తరువాత హ్వాంగ్‌జౌకు పంపివేశారు. అక్కడే 1082లో ఆయన ఎర్రకొండను గూర్చి వ్రాశాడు. శిక్ష తెచ్చిన కలమే ఆరువందల ఏళ్ళ తరువాత గిన్నెల మీద గౌరవం పొందింది.

మాట నిలవాలంటే దానిని శ్రద్ధగా తిరిగి వ్రాసే చేయి కావాలి. తరతరాలుగా వేరు భాషల నడుమ తెలుగు దిద్దించుకుంటున్న మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?