ఆ పావుగంట

వైజాగ్‌లో పెరిగినవాడికి యుద్ధనౌక కొత్తేం కాదు. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌కి వెళ్తే కురుసుర సబ్‌మెరైన్ ముందు ఫొటో దిగాల్సిందే. ఆ ధీమాతోనే మొన్న వేసవిలో కెనడాలోని హామిల్టన్‌లో ‘హైడా’ చూడ్డానికి వెళ్లా. తీసుకెళ్లింది మా టీమ్‌లో కుర్రాడు.

అతను వారంలో ఒక సాయంత్రం టంచనుగా ల్యాప్‌టాప్ మూసేస్తాడు. నేవీ రిజర్వ్ శిక్షణకి వెళ్లాలి. రిలీజ్ ముందురోజైనా అంతే. ‘సరస్సు పక్క ఊళ్లో నేవీ ఏంటి, సరదా కాకపోతే!’ అని వెనకాల నవ్విన వాళ్లలో నేనూ ఉన్నా.

అతని యూనిట్ పేరు హెచ్‌ఎంసీఎస్ స్టార్. పేరు ఓడదే కానీ, అది ఒడ్డున ఉన్న భవనం. పక్కనే నీళ్లలో హైడా. 1939లో యుద్ధం మొదలైనప్పుడు కెనడా నేవీలో పూర్తికాలం పనిచేసేవాళ్లు రెండు వేల లోపే. యుద్ధం ముగిసేసరికి అందులో పనిచేసినవాళ్లు దాదాపు లక్ష! ఎక్కువమంది ఇలాంటి ఊళ్లలోని వాలంటీర్ రిజర్వ్ నుంచే వచ్చారు. అప్పటిదాకా సముద్రమే చూడనివాళ్లు ఎందరో.

డెక్ మీద నిలబడి అతను 1944 ఏప్రిల్ 29 గురించి చెప్పాడు. తెల్లారకముందే, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర జర్మన్ నౌకలతో పోరు. హైడాకి జంటగా వచ్చిన ‘అథబాస్కన్’ మునిగిపోయింది. హైడా శత్రువుల ఓడ ఒకదాన్ని తరిమి ఒడ్డుకెక్కించి, వెనక్కొచ్చి ఆగింది. నీళ్లలో మనుషులు. కెప్టెన్ హ్యారీ డివోల్ఫ్ వలలు, పడవలు దింపించాడు. తెల్లారితే శత్రు తీరం నుంచి ఓడ స్పష్టంగా కనిపిస్తుంది. అందులో రెండొందలకు పైగా ప్రాణాలున్నాయి. ‘వెళ్లిపోండి’ అని నీళ్లలోంచి అథబాస్కన్ కెప్టెన్ జాన్ స్టబ్సే అరిచాడంటారు.

పావుగంట దాటాక హైడా కదిలింది. అప్పటికి ఎక్కించగలిగింది నలభైమంది వరకే. మిగిలినవాళ్లలో 80 మందికి పైగా జర్మన్లకు ఖైదీలుగా చిక్కారు. 128 మంది చనిపోయారు, స్టబ్స్‌తో సహా.

హైడా దింపిన మోటారు పడవ ఒకటి వెనకే ఉండిపోయింది. అందులోని హైడా నావికులు ముగ్గురు ఇంకో ఆరుగురు అథబాస్కన్ వాళ్లని పైకి లాగి, మొరాయించే ఇంజిన్‌తో ఇంగ్లిష్ చానల్ దాటించి ఇంటికి చేర్చారు.

“డివోల్ఫ్ చేసింది కరెక్టేనా?” అని అడిగా.

“మా దగ్గర కొత్తగా చేరినవాళ్లందరూ అదే అడుగుతారు” అన్నాడు. జవాబు మాత్రం చెప్పలేదు.

ఫోన్ చూసుకున్నా. మేం అక్కడ నిలబడి పావుగంటే అయింది. ఇంకా ఎంతోసేపు అయిందనిపించింది. దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని కిందికి చూశా. నీళ్లు చాలా దూరంగా కనిపించాయి.

సోమవారం ఆఫీసులో ఎవరో అతని ‘సరదా’ గురించి మళ్లీ జోకేశారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.