గదిలో ఏదో కీచుమంటోంది

మన ఇళ్ళల్లో ఎన్ని ఛార్జర్లు, అడాప్టర్లు ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా అక్కలూ? ఇక్కడ రెడింగ్‌లో మా చిన్న ఇంట్లోనే 17 ఉన్నాయి. వాటిలో ఒకటి ఈమధ్య మా ఇంట్లో పెద్ద పంచాయితీ పెట్టింది.

మా ఆరేళ్ళ పాప రోజూ పడుకునే వేళకి "గదిలో ఏదో కీచుమంటోందమ్మా" అని ఏడ్చేది. మావారికి ఏమీ వినిపించలేదు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారికీ వినిపించలేదు. నాకు వినీ వినిపించనట్టుండేది. విచిత్రం ఏంటంటే, మంచం పక్కన ట్యాబ్ ఛార్జింగ్ పెట్టిన రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయేది. "చూశావా, అంతా ట్యాబ్ కోసమే. పిల్ల అబద్ధాలు నేర్చుకుంటోంది" అన్నారు అత్తయ్యగారు. పాప మొహం చిన్నబోయింది. నాకది మనసులో గుచ్చుకుంది.

నేను చదివింది ఈసీఈ. ఇక్కడికొచ్చాక ఆ చదువు అటకెక్కింది కానీ, పాప చెప్పినదాంట్లో నాకో ఆధారం దొరికింది. ట్యాబ్ తగిలిస్తే శబ్దం ఆగుతోందంటే, అది ఛార్జర్ మీద పడే లోడుని బట్టి మారే శబ్దం అన్నమాట.

ఇప్పటి తేలికైన ఛార్జర్లు కరెంటుని సెకనుకి పదుల వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ తగ్గిస్తాయి. 65 వేలసార్లు అన్నది మామూలు లెక్క. మనిషి చెవికి వినిపించేది 20 వేల దాకానే కాబట్టి ఆ చప్పుడు మనకి తెలియదు. కానీ లోడు బాగా తక్కువగా ఉంటే, కరెంటు ఆదా కోసం చాలా ఛార్జర్లు ఆ వేగం తగ్గించుకుంటాయి, లేదా ఆగి ఆగి పనిచేస్తాయి. వేడెక్కిన ఇస్త్రీ పెట్టె ఆగి ఆగి వెలిగినట్టు. ఆ వేగం 20 వేల కిందికి దిగితే, లోపలి బుల్లి ట్రాన్స్‌ఫార్మరు, సిరామిక్ కెపాసిటర్లు అదే లయలో కంపిస్తాయి. అదే కీచు. వయసుతో మన చెవికి ముందుగా దూరమయ్యేవి ఇలాంటి సన్నని శబ్దాలే. పిల్లలకి వినిపించి పెద్దలకి వినిపించకపోవడంలో వింతేమీ లేదు.

శనివారం రాత్రి పాపని కళ్ళు మూసుకోమన్నాను. శబ్దం ఆగగానే వేలెత్తమన్నాను. మన దగ్గరలాగే ఇక్కడా సాకెట్‌కి స్విచ్ ఉంటుంది కదా, గదిలో ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాను. 'టిక్' విని వేలెత్తుతుందేమోనని, మధ్యలో కొన్నిసార్లు స్విచ్ రెండుసార్లు నొక్కి మళ్ళీ ఆన్‌లోనే ఉంచాను. వరస మార్చి మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఒకే చోట వేలెత్తింది. నైట్ ల్యాంప్ పెట్టిన రెండు పోర్టుల ఛార్జర్ అది.

తర్వాత ఫోన్‌లో శబ్దాల గ్రాఫ్ చూపించే యాప్ పెట్టి, ఛార్జర్ దగ్గరగా పట్టుకున్నాను. 15 వేల దగ్గర నిటారుగా ఒక గీత లేచింది. ట్యాబ్ తగిలించగానే మాయమైంది. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు తగిలించి, తీసి చూశారు. ఏమీ అనలేదు. పాపని దగ్గరికి తీసుకుని తల నిమిరారు. మర్నాడు ఆ ఛార్జర్ మార్చేశాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి కూత ఉంటే ముందు లోడు మార్చి చూడండి. ఫోన్ పెడితే ఆగిపోయే సన్నని కూత మామూలుగా ప్రమాదం కాదు, చిరాకు మాత్రమే. చిటపటమన్నా, కాలిన వాసన వచ్చినా, ముట్టుకోలేనంత వేడెక్కినా, ప్లాస్టిక్ ఉబ్బినా, రంగు మారినా వెంటనే సాకెట్ దగ్గర ఆపేసి, మళ్ళీ వాడకండి. ఎన్నాళ్ళో నిశ్శబ్దంగా ఉన్నది కొత్తగా కూత మొదలుపెడితే, లోపల కెపాసిటర్ పాడవుతూ ఉండొచ్చు, అదీ మార్చేయడమే మంచిది. విప్పి చూద్దామని మాత్రం అనుకోవద్దు. 230 వోల్టుల కరెంటు లోపల దాదాపు 325 వోల్టుల డీసీగా మారుతుంది. ప్లగ్ తీశాక కూడా అది కొంతసేపు కెపాసిటర్‌లో నిలవ ఉండొచ్చు.

ఇంకో మాట. పిల్లలు ఏదో వినిపిస్తోందంటే, తిట్టేముందు ఒక పది నిమిషాలు స్విచ్‌లు ఆపి చూడండి. అత్తయ్యగారు వచ్చే నెల ఊరికి వెళ్తున్నారు. అక్కడ తన గదిలో టీవీ పెట్టె అడాప్టర్ కూడా కూస్తోందేమో, వేసవి సెలవుల్లో వచ్చి విని చెప్పమని మనవరాలికి ఇప్పుడే పని పురమాయించారు.