పీకింగ్ తప్పేమీ కాదు!

మా నాన్న దగ్గర ఓ పాత అట్లాసు ఉండేది. అట్టలూడిపోయి, ఆసియా పేజీ చిరిగిపోయి... అందులో చైనా రాజధాని పీకింగ్ అని ఉంది. స్కూల్లో మాస్టారు చెప్పిందేమో బీజింగ్. 'నీ పుస్తకం తప్పు నాన్నా' అన్నాను నలుగురి ముందూ. ఆయనేం మాట్లాడలేదు. అట్లాసు మూసి బీరువా మీద పెట్టేశారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చైనా రేవుల మీద ఓ చిన్న ఐటమ్ రాశాను. 'కాంటన్, గ్వాంగ్‌జౌ వంటి నగరాలు' అని. రెండూ ఒకటే ఊరు! ఓ పాఠకుడు ఉత్తరం రాసి ఉతికేశాడు. అప్పుడు మొదలైంది నాకీ పేర్ల పిచ్చి.

కాంటన్ అసలు ఊరి పేరే కాదు. గ్వాంగ్‌డాంగ్ అనే రాష్ట్రం పేరును పోర్చుగీసువాళ్లు తమ నోటికి తిప్పుకొంటే, అది ఊరికి అంటుకుంది. హాంకాంగ్ అంటే పరిమళాల రేవు. అది అక్కడి కాంటనీస్ పలుకు. బీజింగ్‌వాళ్లు అదే పేరును షియాంగ్‌గాంగ్ అంటారు. ఓడ దిగినచోట ఏది చెవిన పడితే అదే ఇంగ్లిషులోకి ఎక్కిందన్నమాట.

ఇక బీజింగ్. 'బెయ్' అంటే ఉత్తరం, 'జింగ్' అంటే రాజధాని. నాన్‌జింగ్ దక్షిణ రాజధాని. 1928లో ప్రభుత్వం నాన్‌జింగ్‌కు తరలిపోగానే పాత ఊరి పేరులోంచి రాజధానిని పీకేసి బెయ్‌పింగ్ అన్నారు. అంటే ఉత్తర శాంతి! పాత పేరు 1949లో గానీ తిరిగి రాలేదు. చైనా పలుకులను రోమన్ లిపిలో రాయడానికి 1958లో పిన్‌యిన్ పద్ధతి వచ్చింది. 1979 నుంచి చైనా విదేశాలకు పంపే వార్తల్లోనూ అదే వాడకం. అలా పీకింగ్ వెనక్కిపోయింది.

మరి పీకింగ్ అన్నది తెల్లవాళ్ల నాలుక వంకరా? నేనూ అలాగే అనుకున్నాను. కానే కాదు. ఒకప్పుడు చైనావాళ్లే అలా 'క'కారంతో పలికేవారు. కాంటనీస్‌లో ఇప్పటికీ బాక్‌గింగ్ అనే అంటారు. ఉత్తరాదివాళ్ల నోట మాత్రం 'ఇ' ముందున్న 'క' మెత్తబడి 'జ' వైపు జరిగింది. మనకిదేం వింత? కన్నడిగుల 'కివి' మనకు చెవి, వాళ్ల 'కెరె' మన చెరువు. మన నోట్లోనూ 'క' అలాగే 'చ' అయింది.

మొన్న ఇదంతా నాన్నకు ఫోన్లో చెప్పాను. ఆసాంతం విన్నారు. ఆ అట్లాసు ఓసారి చూడాలని ఉందన్నాను.

'దాన్ని ఎప్పుడో పాత పేపర్లవాడికి వేసేశాం కదరా' అన్నారు.