తాతల వేట సామాను


విశాఖ మన్యంలో చైత్రమాసం ఇటుకల పండక్కి మా తాతలు వేటకెళ్లేవాళ్లు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడోళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు. ఇప్పుడు మేం అడ్డాకులకీ, తేనెకీ అడవికెళ్తాం. సామాను మాత్రం తాతలదే.

ముదిరిన సొరకాయ ఎండబెట్టి, గింజలు తీసేసిన బుర్రలో రాగి అంబలి పోసుకుంటే ఎండలోనూ చల్లగా ఉంటుంది. ఆకలీ, దాహం రెండూ తీరతాయి.

ఒక్కటి మార్చుకున్నాం. తాతలు చప్పుడు కాకుండా నడిచేవాళ్లు. మేం గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తాం. అలికిడి వింటే ఎలుగు చాలాసార్లు తానే తప్పుకుంటుంది.

ఈ సెలవుల్లో తాత దగ్గర కూర్చుని బుర్ర చెయ్యడం నేర్చుకోండి. వేట పోతే పోయింది, అడవిలో తిరిగే తెలివి పోకూడదు.